అన్నదాత సుఖీభవ: సొమ్ము పడే తీరు, పడనప్పటి తీరు

2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లాలో మా దర్శి మండలంలోని తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించిన అన్నదాత సుఖీభవను, సభల సందడి పక్కన పెట్టి, రైతుకు అందే ఒక సేవగా తూచి చూడాలన్నది ఈ సమీక్ష ఉద్దేశం. కేంద్రం పీఎం కిసాన్ కింద ఇచ్చే 6,000 రూపాయలకు రాష్ట్రం 14,000 కలిపి, ఏటా 20,000 రూపాయలను మూడు విడతలుగా ఇవ్వడం పథకం స్వరూపం. తొలి విడతలో రాష్ట్రానివి 5,000, కేంద్రానివి 2,000 కలిసి 7,000 పడ్డాయి. నవంబరు 19న రెండో విడతా అంతే.

సొమ్ము జమ చేసే పద్ధతికి వంక పెట్టడానికి లేదు. ఖాతాకు ఆధార్ అనుసంధానమై, ఈకేవైసీ (ఆధార్‌తో ఆన్‌లైన్ గుర్తింపు నిర్ధారణ) పూర్తయి, ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డైన వెబ్‌ల్యాండ్‌లో పొలం తన పేరునే ఉన్న రైతు ఎవరి చేయీ తడపకుండా, ఏ గడపా తొక్కకుండా డబ్బు అందుకుంటున్నాడు. పీఎం కిసాన్‌కు ముఖ గుర్తింపుతో ఈకేవైసీ చేసుకునే వీలు వచ్చాక మా పొగాకు రైతులకు పెద్ద తిప్పలు తప్పాయి. ఆకు కొట్టే రోజుల్లో చేతులకు పట్టే నల్లటి జిగురు సబ్బుతో రుద్దినా ఒక పట్టాన వదలదు. అసలే అరిగిపోయిన వేళ్లు, వాటి మీద ఆ జిగురు, ఇక యంత్రం మీద ఎంత నొక్కినా వేలిముద్ర పడేది కాదు.

చిక్కంతా సొమ్ము పడనివారిది. మా బంధువుల్లో ఒకాయన, తండ్రి కాలం చేశాక పొలం తన పేరున మారకపోవడంతో, ఒక కార్యాలయానికి వెళితే మరో కార్యాలయానికి పొమ్మన్నారు, అక్కడినుంచి బ్యాంకుకు పంపారు. లోపం మ్యుటేషన్‌లో, అంటే రికార్డుల్లో పేరు మార్పిడిలో ఉందని మొదటివారే చెప్పి ఉంటే ఆయనకు ఒక పంట కాలం కలిసివచ్చేది. చెల్లింపుకు ఐదుకు నాలుగున్నర ఇచ్చే నేను ఫిర్యాదుల పరిష్కారానికి రెండుకు మించి ఇవ్వలేను.

ఇచ్చే సొమ్ము ఎంతన్న సంగతి కూడా కొంత చూడాలి. 50 కిలోల డీఏపీ ఎరువు బస్తా 1,350 రూపాయల లెక్కన 7,000 పడిన ఒక విడత సొమ్ము ఐదు బస్తాలకు సరిపోతుంది, అది చిన్న రైతుకు చిన్న సాయమేమీ కాదు. అయితే తెలంగాణలో రైతు భరోసా ఎకరాల లెక్కన ఇస్తుండగా ఇక్కడ కుటుంబం లెక్కన ఇస్తారు గనుక, అరెకరం వానికీ ఐదెకరాల వానికీ అందేది ఒక్కటే. నా మటుకు ఇదే న్యాయమనిపిస్తుంది, ఐదెకరాలవారు ఒప్పుకోకపోవచ్చు.

అన్నిటికన్నా బలహీనమైనది కౌలు రైతు సంగతి. పీఎం కిసాన్ సొమ్ము భూమి ఎవరి పేరున ఉంటే వారికే. రాష్ట్రం వాటా కావాలన్నా 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఇచ్చే సాగు హక్కు పత్రం ఉండాలి, దానికి యజమాని సంతకం తప్పనిసరి. ఆ పత్రం చెల్లేది 11 నెలలే, భూమి మీద హక్కేమీ రాదు అని చట్టమే చెబుతున్నా, సంతకం పెడితే పొలం పోతుందన్న భయం మా వైపు యజమానులను వదలలేదు. కౌలుకు దిగేవారు రేటు మాట్లాడుకునే రోజునే ఈ సంతకం మాట కూడా తేల్చుకోవాలి. బయానా ఇచ్చేసి దుక్కి దున్నాక అడిగితే ‘వచ్చే ఏడు చూద్దాంలే’ అన్న జవాబే వస్తుంది.