నైలు మీద క్రూజ్ షిప్పా, తెరచాప దహబియానా?

లక్సర్ నుంచి అస్వాన్ దాకా నది ఒకటే, గుళ్లూ అవే. ఎద్ఫులో హోరస్ ఆలయం, కోమ్ ఓంబోలో మొసలి దేవుడు సోబెక్ గుడి రెండు పడవల వాళ్లూ చూస్తారు. తేడా అంతా చూసే తీరులోనే.

క్రూజ్ షిప్ అంటే నీటి మీద హోటలే. పై డెక్ మీద ఈతకొలను, ప్రయాణం సాధారణంగా మూడు నాలుగు రాత్రులు. సెలవు తక్కువున్నవాళ్లకీ, పిల్లలతో వెళ్లేవాళ్లకీ ఇదే నయం. చిక్కల్లా ఎద్ఫు రేవులో వస్తుంది. షిప్పులు చాలావరకు ఒకే వేళకి చేరడంతో గుడి కిక్కిరిసిపోతుంది. క్రీ.పూ. 237లో మొదలై క్రీ.పూ. 57లో ముగిసిన కట్టడం అది. దాన్ని గైడు మాట కూడా వినపడని తోపులాటలో చూడాల్సి రావడం అన్యాయం అనిపిస్తుంది నాకు.

దహబియా రెండు తెరచాపల పడవ, గదులు కొద్దే. ఉత్తరపు గాలి నదికి ఎదురు దిశలో వీస్తుంది కాబట్టి లక్సర్‌కి దక్షిణాన ఉన్న ఎస్నా నుంచి దక్షిణంగా సాగడం దానికి అనువు. గాలి పడిపోతే టగ్ బోటు లాక్కెళ్తుంది. ఖర్చు ఎక్కువే. కానీ పెద్ద షిప్పులు మామూలుగా ఆగని గెబెల్ సిల్సిలాలో ఇది ఆగుతుంది. కర్నాక్ లాంటి ఆలయాలకు ఇసుకరాయి కోసిన గనులవి. ఆ ఉలి గాట్లు గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. గుళ్లు చూసి ఊరుకోకుండా అవి ఎక్కడి రాయో కూడా చూడాలనుకునేవాళ్లు దహబియానే ఎక్కాలి.

రామ్సెస్ రాజు కొండలో తొలిపించిన అబూ సింబెల్ ఆలయాల కోసం మాత్రం ఈ రెంటిలో ఏ పడవ ఎక్కినా అస్వాన్‌లో దిగి రోడ్డునో, విమానాన్నో, నాసర్ సరస్సు మీది వేరే క్రూజ్‌నో పట్టుకోవాల్సిందే.