గ్రిప్ మీటర్ నార్మల్ అంది, జాకెట్టు హుక్కు ఒప్పుకోలేదు

ముందే చెప్పేస్తున్నా, ఇది జిమ్ముకెళ్లే కుర్రాళ్ల కోసం రాస్తున్న రివ్యూ కాదు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి, చేతులు మాట వినక, ఇంట్లోనే వాటి పనితనం కొలుచుకోవాలనుకునే నాలాంటివాళ్ల కోసం. డాక్టర్లు ఈ జబ్బుని సర్వైకల్ మైలోపతీ అంటారు. నాది తెనాలి, లేడీస్ టైలరింగ్. జాకెట్లు, ఫాల్స్, పీకో, అన్నీ చేస్తాను. నిరుడు మెడ ముందువైపు నుంచి ఆపరేషన్ చేసి, 5, 6 పూసల మధ్య డిస్కు తీసేసి ప్లేటు బిగించారు. ఇంటికొచ్చాక కొన్నాళ్లకి మా అబ్బాయి ఆన్‌లైన్‌లో రెండు వస్తువులు ఆర్డర్ పెట్టాడు. ఒకటి పిడికిలి బలం కొలిచే డిజిటల్ గ్రిప్ మీటర్, ఇంకోటి పుల్లలు గుచ్చే తొమ్మిది కన్నాల చెక్క పలక. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే సరుకు నాలుగు పేర్లతో అమ్ముతున్నారు, పేరు తెలిసినా మీకు ఒరిగేదేమీ లేదు.

మీటరు 2,000 చిల్లర పడింది. రెండు సన్న బ్యాటరీలతో నడుస్తుంది, 90 కేజీల దాకా చూపిస్తుంది. వయసు, ఆడా మగా నొక్కి పిడి బిగిస్తే అంకె వస్తుంది. దాంతోపాటు వీక్, నార్మల్, స్ట్రాంగ్ అనే మూడింట్లో ఏదో ఒకటి కనబడుతుంది. కట్టుబడి గట్టిగానే ఉంది. చేతి సైజుకి తగ్గట్టు పిడిని దగ్గరికీ దూరానికీ జరుపుకోవచ్చు. అంకెలు పెద్దవి, కళ్లజోడు లేకపోయినా కనబడతాయి. మీటలు మాత్రం బియ్యపు గింజంత ఉన్నాయి. వేళ్లు సరిగ్గా ఆడనివాళ్లు కొనే వస్తువుకి ఆ మీటలు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయన చేత ఒక్కసారి గ్లవుజులేసుకుని నొక్కించాలి.

వచ్చిన రోజే బిగించి చూస్తే కుడిచేతికి 23 కేజీలు, నార్మల్ అని వచ్చింది. మా ఆయనకి సంబరం. ఆ మధ్యాహ్నమే ఒక జాకెట్టుకి హుక్స్ కుడదామని కూర్చున్నా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది ఉందో లేదో నాకు తెలియడం లేదు. చూస్తున్నంతసేపూ ఉంటుంది, చూపు తిప్పితే జారిపోతుంది. హుక్కు పట్టుకుని గుడ్డ మీద పెట్టేలోపు తిరగబడుతుంది. నార్మల్ అని రాసిన ఆ మీటరు పక్కన బల్ల మీదే ఉంది.

మీటరు చెప్పింది అబద్ధం కాదు. అది కొలిచేది పిడికిలి బలం ఒక్కటే. నా చేతుల్లో తగ్గింది వేళ్ల చురుకు, స్పర్శ. మెదడు నుంచి కిందికి దిగే సందేశాలు మెడలో ఆ ఇరుకు దగ్గర నలిగిపోతే, పిడికిలి బిగుస్తుంది గాని వెంటనే విప్పుకోదు. ఈ సంగతి ఆ పెట్టె మీద ఎక్కడా రాయలేదు. వీక్ అని వస్తే కంగారు పడేవాళ్లున్నట్టే, నార్మల్ అని వచ్చిందని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేసేవాళ్లూ ఉంటారు. నా దృష్టిలో ఈ మీటరులో పెద్ద లోపం ఆ మూడు మాటలే. అంకె ఒక్కటే చూపించి ఊరుకుంటే సరిపోయేది.

కానీ ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. చెయ్యి చాచి, పిడికిలి పూర్తిగా మూసి పూర్తిగా తెరుస్తూ, 10 సెకన్లలో ఎన్నిసార్లు అయిందో లెక్కపెట్టడం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి 20 దాటాలి. జపాన్‌లో ఓనో అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు 1987లో ఈ జబ్బులో చేతులు ఎలా మారతాయో రాసినప్పుడు చెప్పిన పరీక్ష ఇది. దీంతో పాటు ఇంకోటి కూడా చెప్పారు. చెయ్యి బోర్లా చాచి వేళ్లన్నీ దగ్గరగా ఆనించి అలాగే ఉంచమంటారు. చిటికెన వేలు తనంతట తానే పక్కకి జరిగిపోతుంటే మెడ సంగతి చూడాలని అర్థం. నా ఎడమ చిటికెన వేలు అలాగే వెళ్లిపోతుంది. దగ్గరికి లాగితే వస్తుంది, మళ్లీ పోతుంది.

ఈ పది సెకన్ల పరీక్షకి ఫోన్‌లో వీడియో తీసుకుని నెమ్మదిగా తిప్పి లెక్కపెట్టండి. మా ఆయన లెక్కపెడితే ఎప్పుడూ రెండు మూడు ఎక్కువే వస్తాయి, ప్రేమ కాబోలు. వీడియోలో ఇంకో సంగతి కూడా దొరుకుతుంది. వేళ్లు తెరుచుకోకపోతే మణికట్టు సాయానికి వస్తుంది. తెరిచేటప్పుడు కిందికి వంగుతుంది, మూసేటప్పుడు పైకి లేస్తుంది. అంకె పెరిగిందని మురిసిపోయే ముందు మణికట్టు దొంగాట ఆడుతోందేమో చూసుకోవాలి.

ఈ జబ్బు ఎంత ముదిరిందో చూడ్డానికి ఆస్పత్రిలో వేసే 18 మార్కుల లెక్కలో చేతుల కదలికకి 5 మార్కులు. దీని అసలు రూపం జపాన్ ఎముకల డాక్టర్ల సంఘానిది. అందులో చాప్‌స్టిక్స్‌తో తినగలరా అని ఉండేది. 1991లో అమెరికాలో దాన్ని మార్చి చెంచా, చొక్కా గుండీలు పెట్టారు. గుండీ అతి కష్టం మీద పెట్టుకుంటే 3, కాస్త ఇబ్బందితో అయితే 4. నన్ను ఇవే అడిగినప్పుడు నవ్వొచ్చింది. నేను చెంచాతో తినను, చొక్కా తొడుక్కోను. “హుక్స్ ఎలా పెట్టుకుంటున్నారో చెప్పండి ఆంటీ, చాలు” అంది ఫిజియోథెరపీ అమ్మాయి. నన్నడిగితే పప్పన్నం కలిపి ముద్ద చేసేటప్పుడు వేళ్ల సందుల్లోంచి ఎన్ని మెతుకులు రాలుతున్నాయో చూస్తే చాలు. గుండీ కంటే హుక్కు కష్టం, అందులోనూ కంటికి కనబడకుండా పెట్టుకోవాల్సిన హుక్కు. ఇది దర్జీ మాటగా రాసుకోండి.

ఇక తొమ్మిది కన్నాల పలక. దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. గిన్నెలోంచి పుల్లల్ని ఒక్కొక్కటిగా తీసి కన్నాల్లో పెట్టాలి, మళ్లీ ఒక్కొక్కటిగా తీసి గిన్నెలో వెయ్యాలి. ఒక్క చేత్తోనే చెయ్యాలి, రెండో చేత్తో పలకని పట్టుకోవచ్చు. మొదటి పుల్లని ముట్టుకున్నప్పుడు గడియారం మొదలు, ఆఖరిది గిన్నెలో పడ్డప్పుడు ఆపాలి. మామూలు వాళ్లకి 20 సెకన్లకి అటూ ఇటూ పడుతుంది. మొదట్లో నా కుడిచేతికి అర నిమిషం దాటింది, ఎడమచేతి సంగతి అడక్కండి. సూది పట్టుకున్నప్పుడు ఏది రావడం లేదో ఇక్కడా అదే బయటపడుతుంది. పుల్ల వేళ్ల మధ్య నిలుస్తుంది గాని, దాన్ని నిలువుగా తిప్పుకోవడం రాదు. ఇప్పుడు కుడిచేతికి 26 సెకన్ల దాకా వచ్చింది. హుక్స్ కూడా ఆ మేరకే బాగుపడ్డాయి.

లోపాలూ ఉన్నాయి. రెండు కన్నాల్లో వార్నిష్ గడ్డకట్టి పుల్ల దిగలేదు. ఉప్పుకాగితం చుట్టి రుద్దాల్సొచ్చింది. అది చెయ్యకుండా కొలిస్తే వచ్చేది నా చేతి లెక్క కాదు, వార్నిష్ లెక్క. పలక అడుగున రబ్బరు లేదు, బల్ల మీద జారుతుంది. నేను పాత అస్తరు గుడ్డ పరిచాను.

మీటరు ఇప్పటికే కొనుంటే పారేయక్కర్లేదు, పద్ధతిగా వాడండి. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి ఒంటికి ఆనించి 90 డిగ్రీలు వంచి, ప్రతిసారీ పిడి ఒకే దూరంలో పెట్టుకోండి. మూడుసార్లు బిగించి సగటు రాసుకోండి. పొద్దున ఒకరోజు, రాత్రి ఒకరోజు వద్దు. ఒకటి రెండు కేజీల తేడాకి ఎగరకండి, కుంగిపోకండి. ఫిజియో సెంటర్లలో జామర్ అనే హైడ్రాలిక్ మీటరు ఉంటుంది, చేతి బలానికి డాక్టర్లు దాన్నే ప్రమాణంగా చూస్తారు. దాని మీద వచ్చిన అంకెనీ ఇంట్లో వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు. ఆపరేషన్ అయిన కొత్తలో సర్జన్ గారిని అడక్కుండా అసలు బిగించకండి. గుండీలు, హుక్స్ కష్టమవడంతో పాటు నడకలో తూలు కూడా మొదలైతే ఏ మీటరూ కొనొద్దు, ముందు మెడకి ఎమ్మారై తీయించండి.

మీటరుకి 5కి 3, ఆ మూడు మాటలు తీసేస్తే 4. పలకకి 4. పలక ఒక్కటే కొంటే చాలనుకునేవాళ్లు విడి పుల్లలు ఇస్తారో లేదో ముందే అడగండి. మా మనవడు ఒకటి పారేశాడు, అమ్మినవాణ్ని అడిగితే సెట్టు మొత్తం మళ్లీ కొనమన్నాడు. వీధి చివరి వడ్రంగి పది రూపాయలకి నున్నగా చేసిచ్చాడు.