భర్త సంతకం ‘చూసుకుంటాం’ అనే గ్రీన్ కార్డు సెంటర్లతో జాగ్రత్త

అమెరికాలో పెళ్లి ద్వారా రెండేళ్ల గ్రీన్ కార్డు వచ్చి, ఆ పెళ్లి నిలవనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ కార్డు మీద ఉండే షరతులు తొలగించమని కోరే ఐ-751 దరఖాస్తు పనిని మనవాళ్లే నడిపే ఒక సెంటరుకు అప్పగించి, డబ్బు ముందే కట్టాను.

భర్త సంతకం లేనిదే కుదరదన్నారు. విడాకుల కేసు నడుస్తోంది, ఆయన ఫోను కూడా ఎత్తడం లేదన్నాను. “అది మేం చూసుకుంటాం లెండి, చిరునామా మాత్రం పాతదే వేయండి” అన్నారు. అంటే దొంగ సంతకం, పైగా కలిసే ఉంటున్నామన్న అబద్ధం. దానికి అదనపు రుసుము కూడా! సాక్షుల ఉత్తరాలైతే ముందే అచ్చువేసి ఉన్నాయి, పేర్లు నింపడమే తరువాయి. ఫారంలో తయారుచేసినవారి వివరాలు రాయాల్సిన చోట ఏమీ రాయలేదు. రేపు పట్టుబడితే దొరికేది నేనొక్కదాన్నే. ఫైలు వెనక్కి తెచ్చుకున్నాను, డబ్బు రాలేదు.

అసలు ఆ సంతకం అక్కరలేదు. నిజాయితీగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిస్తే, ఒంటరిగా దరఖాస్తు చేసుకునే మినహాయింపు చట్టంలోనే ఉంది. భర్త హింసించి ఉంటే విడాకుల దాకా ఆగనక్కరలేదు. కార్డు గడువుకు ముందు 90 రోజుల్లోనే వేయాలన్నది జంటగా వేసేవారికి వర్తించే నియమం. మినహాయింపు కోరేవారు అంతకన్నా ముందే వేయవచ్చు. గడువు ముంచుకొస్తున్నా విడాకుల డిక్రీ రాకపోతే మాత్రం లాయరును కలవకుండా అడుగు వేయకండి.

చిక్కంతా పెళ్లి నిజమైనదేనని చూపే రుజువుల దగ్గరే. ఇంటి అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా ఆయన పేరునే ఉండటం మన ఇళ్లలో మామూలు. పెళ్లి ఆల్బమ్ ఎంత లావున్నా, ఆ తర్వాత కలిసి కాపురం చేశారా అన్నదే అధికారులు చూస్తారు. జాయింటుగా పన్ను రిటర్ను వేసి ఉంటే, దాని ట్రాన్‌స్క్రిప్టును (రిటర్ను వివరాల పత్రాన్ని) అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి మీరే తెప్పించుకోవచ్చు, ఆయన్ను అడగాల్సిన పని లేదు. బీమా కాగితాలు, ఇద్దరి పేర్లతో వచ్చిన ఉత్తరాలు ఇల్లు వదిలే ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే హక్కు లాయర్లకు, అమెరికా న్యాయశాఖ గుర్తింపు పొందిన ప్రతినిధులకే ఉంది. లాయరైతే లైసెన్సు ఏ రాష్ట్రంలో ఉందో అడిగి, అక్కడి బార్ (లాయర్ల సంస్థ) వెబ్‌సైటులో పేరు వెతికాకే డబ్బు కట్టండి. ఆ సెంటరు మీద మా రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు చేశాను. మీ దగ్గరా ఎవరైనా ఇలా వసూలు చేసి ఉంటే రసీదులు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి.