సిగరెట్టు మాన్పించే మందును మానేదెలా? గమ్, ప్యాచ్, మాత్ర: ఏది మేలు?

"సిగరెట్టు మానేశానండీ. ఇప్పుడు ఈ గమ్ మానలేకపోతున్నా. ఒక్కసారే ఆపేయనా, తగ్గించుకుంటూ రానా?" మెడికల్ షాపు కౌంటర్లో నిలబడేవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న నన్ను తరచూ అడుగుతుంటారు. ప్యాచ్ వాడేవాళ్లకీ, డాక్టరు రాసిన వరెనిక్లిన్ మాత్రలు వేసుకునేవాళ్లకీ ఇదే అనుమానం. మందు ఎలా మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఎలా ముగించాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని ఈ మూడింటినీ ముగింపు వైపు నుంచే పోల్చి చూస్తున్నాను.

దానికి ముందు ఒక మాట. ఈ మందులకే అలవాటు పడిపోతామేమోనని భయపడి రెండు మూడు వారాలకే ఆపేసేవాళ్లు, నేను చూసినంతలో, అవసరానికి మించి వాడేవాళ్లకంటే చాలా ఎక్కువ. గమ్‌కైనా వరెనిక్లిన్‌కైనా మామూలు కోర్సు 12 వారాలు, ప్యాచ్‌కి 8 నుంచి 10 వారాలు. మూడో వారంలో ఆపేసి, నాలుగో వారానికి మళ్లీ సిగరెట్టు పెట్టె కొన్నవాళ్లు అసలు తగ్గించే దశ దాకా రానేలేదు. గమ్ నుంచి ఒంట్లోకి పోయేది నికోటిన్ ఒక్కటే. సిగరెట్టు నుంచి దానితో పాటు తారు, కార్బన్ మోనాక్సైడు, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు ఇంకెన్నో పోతాయి. ఎవరైనా గమ్‌ను ఇంకో నాలుగు నెలలు ఎక్కువ వాడుతున్నారంటే నాకు దిగులుండదు. తొందరపడి గమ్ ఆపి సిగరెట్టు ముట్టించారంటేనే దిగులు.

ఇక ఏ మందు తేలిగ్గా వదులుతుందన్నది నా లెక్కలో ఒకే ఒక్క విషయం మీద ఆధారపడి ఉంటుంది. డోసు ఎప్పుడు వేసుకోవాలో మనకు చెబుతున్నది ఎవరు? గడియారమా, లోపలి లాగుడా? గడియారం చెబితే వేసుకునే మందు గడియారంతోనే తగ్గుతుంది. లాగినప్పుడల్లా వేసుకునే మందు సిగరెట్టు కూర్చున్న కుర్చీలోనే వచ్చి కూర్చుంటుంది. మందు బలం, ధర, దొరకడం, ఇవన్నీ దీని తర్వాతే.

ఈ లెక్కన ప్యాచ్‌దే పైచెయ్యి. పొద్దున స్నానం చేసి, ఒళ్లు తుడుచుకుని, భుజం మీదో ఛాతీ మీదో వెంట్రుకలు లేనిచోట ఒకటి అంటించుకుంటే ఆ రోజుకి అంతే. నికోటిన్ రోజంతా ఒకే తీరుగా సన్నగా ఒంట్లోకి దిగుతుంది. లాగినప్పుడు చేయడానికి ఏమీ ఉండదు, చెయ్యి జేబులోకి పోదు. రోజుకి పది కంటే ఎక్కువ సిగరెట్లు తాగినవాళ్లు మామూలుగా 21 మి.గ్రా. ప్యాచ్ 6 వారాలు, తర్వాత 14 మి.గ్రా. 2 వారాలు, చివర 7 మి.గ్రా. 2 వారాలు వాడతారు. పది, అంతకంటే తక్కువ తాగేవాళ్లు 14తో మొదలుపెట్టి 7తో ముగిస్తారు. తగ్గించే పని కంపెనీవాళ్లే చేసిపెట్టారన్నమాట.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ప్యాచ్‌ను ఇలా మెట్లు మెట్లుగా దించడం, కోర్సు అయ్యాక ఒక్కసారిగా ఆపడం, ఈ రెండిట్లో మొదటిదే మేలని తేల్చే ఆధారం దొరకలేదని, వైద్య పరిశోధనలన్నిటినీ ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సమీక్ష చెప్పింది. అంటే 14 దాకా వచ్చాక మీ ఊళ్లో 7 మి.గ్రా. దొరక్కపోతే కంగారుపడక్కర్లేదు, అక్కడితో ఆపినా కొంప మునగదు. దొరికితే మాత్రం మెట్లు దిగమనే చెబుతాను. చివరి రెండు వారాలు చిన్న ప్యాచ్‌తో గడిస్తే, రేపు ఇదీ ఉండదన్న సంగతికి మనసు సిద్ధపడుతుంది. 7 లేదని 14ను కత్తిరించి సగం అంటించుకోవడం మాత్రం వద్దు, మందు ఏ తీరుగా దిగుతుందో చెప్పలేం. రాత్రుళ్లు కలలు ఎక్కువైతే పడుకునే ముందు తీసేయొచ్చు. దురద పుడితే రోజుకోచోట అంటించుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

గమ్ దగ్గరికొద్దాం. ప్రశ్నలన్నీ దీని మీదే వస్తాయి. మన దగ్గర 2 మి.గ్రా. గమ్‌కి చీటీ అక్కర్లేదు, నికోటెక్స్ అనో ఇంకో పేరనో అడిగితే చేతిలో పెడతాం. 4 మి.గ్రా.కి డాక్టరు చీటీ కావాలి. నిద్ర లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్టు ముట్టించే అలవాటున్నవాళ్లకి ఆ 4 మి.గ్రా. అవసరమవుతుంది. అడగ్గానే దొరకడం మంచిదే. కాకపోతే చీటీ లేనప్పుడు ఎలా వాడాలో, ఎలా ఆపాలో చెప్పే డాక్టరూ ఉండడు. వాడకమంతా సొంత తెలివి మీద నడుస్తుంది.

మా షాపుకి ఆటో నడిపే ఒకాయన వస్తాడు. సిగరెట్టు మానేసి నెలలు దాటింది, గమ్ మాత్రం వదల్లేదు. ఒకప్పుడు సిగరెట్టు పెట్టె ఉండే చొక్కా జేబులోనే ఇప్పుడు గమ్ స్ట్రిప్పు ఉంటుంది. మా ఎదురు బడ్డీలో టీ తాగి గ్లాసు కింద పెట్టగానే చెయ్యి ఆ జేబులోకి పోతుంది. "ఏమన్నా, టీ అయిన వెంటనే వేస్తావెందుకు?" అంటే, "అప్పుడే కదన్నా లాగేది" అన్నాడు.

ఆ ఒక్క అలవాటులో రెండు ఇబ్బందులున్నాయి. గమ్‌లోని నికోటిన్ చెంప లోపలి చర్మం గుండా ఒంటికి పట్టాలి. టీ, కాఫీ, కూల్‌డ్రింకుల వల్ల నోట్లో పులుపు గుణం పెరిగితే అది సరిగా పట్టదు. అందుకే గమ్‌కి ముందు పావుగంట, నమిలేంతసేపూ, మంచినీళ్లు తప్ప ఏమీ తాగొద్దంటారు. టీ వెనకే వేసిన గమ్ సగం దండగ. పట్టలేదు కాబట్టి ఇంకోటి వేస్తారు, లెక్క పెరిగిపోతుంది. రెండో ఇబ్బంది అంతకంటే పెద్దది. టీ, లాగుడు, జేబు, నోరు అన్న పాత వరస చెక్కుచెదరకుండా అలాగే ఉండిపోయింది. ఆ వరసలో సిగరెట్టు బదులు గమ్ చేరింది, అంతే. ఇలా వాడేవాళ్లకి "మెల్లగా తగ్గించు" అని చెబితే ప్రయోజనం ఉండదు. ప్రతి గమ్మూ ఒక లాగుడికి జవాబు. లాగుడు ఉన్నన్నాళ్లూ జవాబు కావాల్సిందే.

ఆయనకి బిల్లు కాగితం వెనక టైములు రాసిచ్చాను. లేవగానే ఒకటి, తర్వాత రెండేసి గంటలకొకటి. టైము కాకముందు లాగితే ఓర్చుకోవడం, టైము అయితే లాగకపోయినా వేసుకోవడం. "లాగనప్పుడు ఎందుకన్నా దండగ?" అన్నాడు. తగ్గించడం అక్కణ్ణుంచే మొదలవుతుంది. గమ్‌కీ లాగుడుకీ ముడి విప్పితే మిగిలేది ఒక మోతాదు మాత్రమే. మోతాదును తగ్గించుకోవచ్చు. గమ్ పెట్టెలో ఉండే కాగితం చెప్పేదీ ఇదే పద్ధతి: మొదటి 6 వారాలు గంటకీ రెండు గంటలకీ ఒకటి, 7 నుంచి 9 వారాలు రెండు నుంచి నాలుగు గంటలకొకటి, 10 నుంచి 12 వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి. ఆ కాగితాన్ని మడత విప్పి చదివేవాళ్లు తక్కువ.

ఏది ముందు తీసేయాలంటే, తేలికైనవే. చాలామందికి మధ్యాహ్నం భోజనానికీ సాయంత్రం టీకీ మధ్య వేసేది ముందు పోతుంది. పొద్దున వేసే మొదటిదాన్ని ఆఖరికి ఉంచమంటాను. నికోటిన్ రక్తంలో దాదాపు రెండు గంటలకోసారి సగానికి తగ్గుతూ పోతుంది, రాత్రంతా నిద్రపోయి లేచేసరికి దాదాపు ఖాళీ అవుతుంది. రోజు మొత్తంలో ఒళ్లు గట్టిగా అడిగేది అప్పుడే. 4 మి.గ్రా. వాడేవాళ్లు 2కి మారాక గంటలు పెంచుకుంటే సరిపోతుంది, రెండూ ఒకే వారంలో వద్దు. చివర్లో గమ్‌ను సగానికి కోసి వాడొచ్చు, తీసేసిన టైములో సోంపో లవంగమో నోట్లో వేసుకోవచ్చు. ఆటో ఆయనకి ఇప్పుడు మిగిలింది పొద్దున్నే వేసుకునేది ఒక్కటే. దాన్ని ఆపమని నేను తొందరపెట్టడం లేదు.

నమిలే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పుగా నమిలితే తగ్గించే లెక్కే తప్పుతుంది. ఇది బబుల్‌గమ్ కాదు. మెల్లగా నాలుగైదుసార్లు నమలాలి, నాలుక మీద మిరియపు ఘాటు తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, గుండెల్లో మంట తప్ప దక్కేదేమీ ఉండదు.

ప్యాచ్, గమ్ రెండూ కలిపి వాడేవాళ్లుంటారు. సిగరెట్టు మానడానికి విడివిడిగా వాడడంకంటే ఆ జోడీయే బలమైనదని ఆధారాలున్నాయి. వాళ్లు ముందు ప్యాచ్‌ను మెట్లు దించి ముగించాలి, గమ్‌ను తర్వాత చూసుకోవచ్చు. కింద ప్యాచ్ కాపు కాస్తుంటుంది కాబట్టి వాళ్ల గమ్‌ల లెక్క మొదట్నుంచీ తక్కువే ఉంటుంది.

వరెనిక్లిన్ సంగతి వేరు. ఇందులో నికోటిన్ ఉండదు. మెదడులో నికోటిన్ కూర్చునే చోటే ఈ మందు కూర్చుని, కొంత తృప్తినిస్తూ సిగరెట్టు రుచిని చప్పబరుస్తుంది. మొదటి 3 రోజులు అర మి.గ్రా. రోజుకొకటి, 4 నుంచి 7 రోజులు అర మి.గ్రా. రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి 1 మి.గ్రా. రెండు పూటలా వాడతారు. ఇదీ గడియారం మందే, కాబట్టి నా లెక్కలో దీనికీ మంచి మార్కులే. 12 వారాలయ్యాక నేరుగా ఆపేయొచ్చు. ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 24 గంటలు తీసుకుంటుంది కాబట్టి తనంతట తానే మెల్లగా దిగుతుంది. ఆపినప్పుడు నూటికి ముగ్గురి దాకా చిరాకు, సిగరెట్టు మీద మనసు, దిగులు, నిద్ర పట్టకపోవడం కనిపించాయని యూరప్‌లో ఆ మందుతో ఇచ్చే సమాచార పత్రం చెబుతుంది. మళ్లీ మొదలెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి తగ్గిస్తూ ఆపే సంగతి ఆలోచించొచ్చని కూడా అందులోనే ఉంది. మాని 12 వారాలైనా మనసు గట్టిపడలేదనిపిస్తే ఇంకో 12 వారాలు పొడిగించే వీలుంది. ఈ నిర్ణయం డాక్టరుది, ముఖ్యంగా కిడ్నీ జబ్బున్నవాళ్ల విషయంలో. మానసికంగా ఏదో చేస్తుందన్న పాత భయం ఇంకా చాలామందిలో ఉంది. ఎనిమిది వేలమందికి పైగా పాల్గొన్న పెద్ద అధ్యయనం 2016లో వచ్చాక అమెరికా ఔషధ సంస్థ, మందు సమాచార పత్రంలో గీతల పెట్టె కట్టి ప్రత్యేకంగా చూపించిన ఆ హెచ్చరికను అదే ఏడాది తీసేసింది.

సిగరెట్టు మానడానికి బ్యుప్రోపియాన్ అనే మాత్ర కూడా ఇస్తారు, ఆ మోతాదులో దాన్ని తగ్గిస్తూ ఆపనక్కర్లేదు. మూర్ఛ ఉన్నవాళ్లకి అసలు పనికిరాదు. సిటిసిన్ అని ఇంకోటుంది, బల్గేరియాలో 1960ల నుంచి వాడుతున్నారు. 25 రోజుల కోర్సు, రోజుకి ఆరు మాత్రలతో మొదలై చివరికి ఒకటి రెండుకి వస్తుంది. తగ్గించడం ఆ కోర్సులోనే ఇమిడి ఉంది.

నన్ను ఎంచుకోమంటే ప్యాచ్. డాక్టరు దగ్గరికి వెళ్లగలిగితే, గట్టి అలవాటున్నవాళ్లకి వరెనిక్లిన్. గమ్ ఒక్కటే అందుబాటులో ఉంటే గమ్మే, కానీ మొదటిరోజు నుంచే టైము పెట్టుకుని. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు వీటిలో ఏదైనా డాక్టర్ని అడిగే వాడాలి.

ఆపే వారాన్ని కూడా చూసి ఎంచుకోండి. పెళ్లిళ్ల సీజన్లో, సంక్రాంతికి ఊరెళ్లి పాత స్నేహితులతో కూర్చునే రోజుల్లో, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉన్నప్పుడు డోసు తగ్గించొద్దు, ఉన్నచోటే ఆగండి. తగ్గించాక రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదంటే ఒకసారి టీ, కాఫీలు లెక్కపెట్టుకోండి. సిగరెట్టు పొగలోని తారు కెఫీన్‌ను కాలేయంలో త్వరగా ఖర్చు చేయిస్తుంది. పొగ ఆగాక అవే నాలుగు కప్పులు ముందుకంటే గట్టిగా పనిచేస్తాయి. ఆ చిరాకునీ గుండెదడనీ మందు మానడం మీదికి నెట్టేవాళ్లను చాలామందిని చూశాను.

దిగిన మెట్టు మీద రెండు వారాలైనా నిలవలేకపోతే పై మెట్టుకి వెళ్లండి, సిగరెట్టుకి మాత్రం వెళ్లొద్దు. మధ్యలో ఒకటి తాగినంత మాత్రాన మందు ఆపేయకండి, మర్నాడు కూడా అదే టైముకి వేసుకోండి. అన్నీ ముగిశాక కూడా ఒక గమ్ స్ట్రిప్పు ఇంట్లో ఉంచుకోండి, జేబులో వద్దు. మాట్లాడే మనిషి కావాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులేమీ పడవు. మందు ఏ వారంలో ఉన్నారో, రోజుకి ఎన్ని వాడుతున్నారో ముందే కాగితం మీద రాసుకుని చేస్తే వాళ్లు సరిగ్గా చెప్పగలుగుతారు.