సముద్రానికి వీపు పెట్టి తొమ్మిది రోజులు

నవల ఆగిపోయి ఆర్నెల్లయింది. కువైట్‌లో ఉన్న స్నేహితుడికి అంతర్వేది పల్లిపాలెంలో, సముద్రానికి ఎదురుగా మేడ మీద పోర్షన్ ఉంది. మూడేళ్లుగా తాళమే. "వెళ్లి కూర్చోరా. అద్దొద్దు, ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడు చాలు" అన్నాడు. పుష్యమాసంలో వెళ్లాను.

నరసాపురంలో రైలు దిగి, ఆటోలో మాధవాయిపాలెం రేవుకెళ్లి, పంటు, అంటే బళ్లని కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి. అక్కణ్ణించి మళ్లీ ఆటో. చించినాడ వంతెన మీదుగా కారులో రావచ్చుగానీ, చుట్టు. పైగా బైకుల మధ్య, కోళ్ల బుట్టల మధ్య నిలబడి గోదావరి దాటే సుఖం కారులో ఎక్కడిది?

తాళంచెవి కింది ఇంటి పిన్నిగారి దగ్గరుంది. ఉప్పుగాలికి గడియ బిగుసుకుపోయింది. ఆవిడ కొబ్బరినూనె రెండు చుక్కలు వేసి, పచ్చడిబండతో ఒక్కటిచ్చారు. ఊడొచ్చింది.

"రాసుకోడానికొచ్చారంటండీ? ఏం రాస్తారండీ, దస్తావేజులా?"

"కథలండీ."

"ఆయ్" అని ఊరుకున్నారు.

బోరు నీళ్లు ఉప్పు. వాటితో టీ పెడితే పాలు విరిగిపోయాయి, ఇక టిన్ను నీళ్లే. ఫోన్ సిగ్నల్ వాటర్ ట్యాంకు మెట్ల మీద తప్ప రాదు, రాసేవాడికి అదీ ఒక సౌకర్యమే. భోజనం పిన్నిగారి క్యారేజీ. చందువ చేప ఇగురు వచ్చిన రోజు మధ్యాహ్నం పని సాగదు, నిద్రే. డబ్బులు పుచ్చుకునేలా ఆవిణ్ణి ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది.

అసలు చిక్కు సముద్రంతోనే. కిటికీ తీస్తే ఎదురుగా అదే. పడవలొచ్చాయా, వల లాగుతున్నారా, ఏం పడింది అని చూస్తూ మూడు రోజులు గడిపేశాను. ఒక్క పేజీ లేదు. కాగితాలు చెమ్మకి నానిన అప్పడాల్లా అయ్యాయి, పెన్ను ఆనిస్తే సిరా పాకేది. నాలుగో రోజు బల్లని వెనకగదికి ఈడ్చేశాను. అక్కణ్ణించి కనిపించేది పక్కింటి దండెం, ఓ కొబ్బరిచెట్టు మొదలు. హోరు మాత్రం వినబడుతూనే ఉంటుంది. నలభై పేజీలూ ఆ గదిలోనే వచ్చాయి. సముద్రం చూస్తూ రాస్తామనేది ఫొటోలకి బావుంటుంది.

సాయంత్రాలు అన్నాచెల్లెళ్ల గట్టుకి నడిచేవాణ్ణి. ఒకపక్క నది, ఒకపక్క సముద్రం, నడుమ ఇసుక. ఎండ్రకాయలు మన అడుగు చప్పుడుకి బొరియల్లోకి దూరి, మనం కదలకుండా నిలబడితే ముందు కళ్లు బయటపెట్టి చూస్తాయి. శని, ఆదివారాలు జనం ఎక్కువ, ఆ రెండ్రోజులూ గుమ్మం దాటలేదు.

కుటుంబంతో వెళ్లేవాళ్లకి దిండి నయం. రిసార్టులున్నాయి, హౌస్‌బోట్లున్నాయి. అవతలి ఒడ్డున పేరుపాలెం బీచ్ బావుంటుందిగానీ, కార్తీకమాసం ఆదివారాలు పిక్నిక్‌ల గోల. అంతర్వేదైనా భీష్మ ఏకాదశి తీర్థానికి ఊరంతా నిండిపోతుంది. రాసుకోవాలంటే ఆ లోపే వచ్చి వెళ్లిపోవాలి.

వచ్చేరోజు పిన్నిగారు తేగల కట్ట చేతిలో పెట్టి, "కథ అయిపోయిందాండీ?" అన్నారు. సగమే అన్నాను. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయని స్నేహితుడికి మెసేజ్ పెట్టి, గడియకి కొబ్బరినూనె రాసి తాళం వేశాను.