విడదీసే కంటి మోడల్: గుడ్డు భేష్, కింది పలక తప్పు

నేను టీచర్ని కాను, మెడిసినూ చదవలేదు. ఈ ప్లాస్టిక్ కన్ను కొన్నది మా అమ్మ కోసం. నాన్నకి మెదడులో ఎడమవైపు, బాగా వెనక భాగంలో స్ట్రోక్ వచ్చింది. అప్పటినుంచి కుడిపక్కన పెట్టిన నీళ్ల గ్లాసు ఆయనకి కనబడదు. తలుపు దాటేటప్పుడు కుడి భుజం కొట్టుకుంటారు. పేపరు చదువుతూ లైను ఎక్కడ అయిపోతుందో తెలియక మధ్యలో ఆగిపోతారు. కళ్ళు రెండూ బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పినా అమ్మ వినదు. "కుడి కన్ను పోయిందే, ఏదైనా చుక్కల మందు వేద్దాం" అంటుంది.

ముందు గుడ్డు సంగతి. అసలు కన్ను అడ్డంగా 24 మిల్లీమీటర్లే ఉంటుంది. ఇది ఆరు రెట్లు పెద్దది, రెండు చేతులా పట్టుకోవాలి. కంటి ముందు పారదర్శకంగా ఉండే పొరని, అంటే కార్నియాని, టోపీలా ఎత్తి తీయొచ్చు. వెలుతురుని వంచే పనిలో మూడింట రెండు వంతులు దానిదేనట, నేను అంతా లెన్స్ చేస్తుందనుకునేదాన్ని. లెన్స్ పని ఎక్కువగా దగ్గరకీ దూరానికీ సర్దుకోవడం. కన్నుని తిప్పే ఆరు కండరాలూ ఉన్నాయి. పైన ఏటవాలుగా పోయే కండరాన్ని ముక్కు వైపున్న చిన్న ఉంగరంలోంచి, కప్పీ మీద తాడులా దూర్చారు. అంత ఓపిగ్గా చేశారు! కంటి లోపల వెనకవైపు వెలుతురుని పట్టే పొర రెటీనా. అందులో నరం బయటికి పోయే గుండ్రటి మచ్చ ముక్కు వైపు, సూటిగా చూసేది పడే పసుపు చుక్క చెవి వైపు ఉన్నాయి. వాటిని బట్టే ఇది కుడి కన్నని నాకు తెలిసింది. డబ్బా మీద ఆ మాట ఎక్కడా లేదు.

లెన్స్ మాత్రం నిలవదు. మోడల్ కాస్త వంచితే చాలు, జారి మంచం కిందికి పోతుంది.

అసలు గొడవ కింద ఇచ్చిన పలకతో. రెండు కళ్ళ నుంచి మెదడు వెనక్కి వెళ్ళే దారిని దాని మీద అచ్చేశారు. కుడి కన్ను నరం మొత్తం ఎడమకి, ఎడమ కన్నుది మొత్తం కుడికి దాటినట్టు గీశారు. అమ్మ చూసి వెంటనే, "చూడవే, ఎడమ మెదడు దెబ్బతింటే కుడి కన్నేగా పోయేది!" అంది. నేను కొన్న వస్తువే ఆవిడకి సాక్ష్యమైపోయింది.

నిజంగా దాటేది సగమే. ప్రతి కంట్లోనూ ముక్కు వైపు రెటీనా నుంచి వచ్చే నరం పోగులు అవతలికి దాటతాయి, చెవి వైపువి తమ వైపే ఉండిపోతాయి. కుడిపక్క దృశ్యం రెండు కళ్ళలోనూ రెటీనా ఎడమ సగం మీద పడుతుంది, అంటే కుడి కంట్లో ముక్కు వైపు, ఎడమ కంట్లో చెవి వైపు. అవి రెండూ చేరేది ఎడమ మెదడుకే. అక్కడ దెబ్బ తగిలితే పోయేది కుడి కన్ను కాదు, రెండు కళ్ళ చూపులోనూ కుడి సగం.

పలక మీద నేనే ఎర్ర దారం, నీలం దారం టేపుతో అంటించి మళ్ళీ దారులు వేశాను. తర్వాత నాన్న కుడి కన్నుని అమ్మ చేత్తోనే మూయించి, ఆయన చూపు నా ముక్కు మీదే నిలపమని, కుడిపక్క నుంచి నా వేలు మెల్లగా ముందుకి తెచ్చాను. మూసిన కన్ను మూసే ఉంది, తెరిచిన ఎడమ కన్నుకీ ఆ వేలు మధ్యకి వచ్చేదాకా కనబడలేదు. అమ్మ చెయ్యి తీసి, కాసేపు ఏం మాట్లాడకుండా దారాల వైపు చూసింది.

అమ్మినవాళ్ళకి పలక తప్పని రాస్తే, స్కూలు పిల్లలకి ఇది చాలని జవాబొచ్చింది. స్కూలు పిల్లలకైతే తప్పు నేర్పొచ్చా? గుడ్డుకి నాలుగు స్టార్లు, పలకకి సున్నా. కొంటే ఆ పలక పక్కన పడేసి, రెండు రంగుల దారం దగ్గర పెట్టుకోండి. లెన్స్‌కి ఒక రబ్బరు బ్యాండు కూడా.