జాగ్రత్త: మ్యూజియం షాపులో కొన్న ‘పెన్ కలంకారీ’ స్క్రీన్ ప్రింట్‌గా తేలింది

చేతికళల మ్యూజియంలో అమ్మే సరుకు కదా, అసలుదే అయ్యుంటుందని కొనేవాళ్లు ఒకసారి ఇది చదవండి. మా ఊళ్లో ఓ చిన్న మ్యూజియం షాపులో ‘శ్రీకాళహస్తి పెన్ కలంకారీ, సహజ రంగులు’ అని, అంటే కలంతో చేత్తో గీసిందని, ట్యాగు ఉన్న దుపట్టాకి రూ.4,800 పోశాను. ఇంట్లో పరిచి చూస్తే రెండు చివర్లా నెమళ్లు అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకదాని తోకలో గీత కాస్త తెగి ఉంది. రెండోదానికీ సరిగ్గా అక్కడే తెగింది! చేత్తో గీస్తే అలా రమ్మన్నా రాదు. తిరగేస్తే వెనకంతా దాదాపు తెల్లగుడ్డే.

శ్రీకాళహస్తి పనిలో గుడ్డని ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నలుపుతో గీతలు గీస్తారు, ఎరుపు పట్టడానికి పటిక వాడతారు. రంగు నూలులోకి ఇంకుతుంది కాబట్టి వెనక్కీ చాలావరకు దిగుతుంది. నా దుపట్టాలో రంగు పైపైనే ఉంది, వేలితో రాస్తే బిరుసుగా తగులుతోంది.

పెడన వైపు మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతోనే వేస్తారు, డిజైన్ రిపీట్ అవడం అక్కడ తప్పు కాదు. అచ్చు పని అని చెప్పి అమ్మితే సంతోషంగా కొంటాను. ‘పెన్’ అని రాసి ప్రింట్ అంటగట్టడంతోనే పేచీ.

అడగడానికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. ఒకప్పుడు అక్కడ వరండాలో కళాకారులే కూర్చుని వేసి అమ్మేవాళ్లు. ఇప్పుడు కేఫ్ వచ్చింది, షాపు బయటివాళ్లకి లీజుకి పోయింది. టికెట్ల డబ్బుతో ఏ చిన్న మ్యూజియమూ నడవదు, ఆ కష్టం నాకూ అర్థమవుతుంది. కానీ సంచీ మీద మ్యూజియం లోగో, బిల్లు మీద ఎవరో ట్రేడర్స్ పేరు, ఇదేం పద్ధతి? కౌంటర్లో అబ్బాయి “స్టాక్ మాదండీ, మ్యూజియంకి సంబంధం లేదు” అన్నాడు. ఆఫీసులో “షాపువాళ్లనే అడగండి మేడం” అన్నారు. డబ్బు వాపసు లేదట, ఎక్స్ఛేంజే. ఎక్స్ఛేంజ్‌కి తీసి చూపించిన వాటి మీదా అదే నెమలి, అదే తెగిన గీత.

కొనేముందు బిల్లు ఎవరి పేరు మీద ఇస్తారో కనుక్కోండి. అందులో ‘చేత్తో గీసిన కలంకారీ’ అని రాయించుకోండి. నా బిల్లులో ‘కాటన్ దుపట్టా’ అని మాత్రమే ఉంది. జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉందంటే ఏ జీఐ అని అడగండి, శ్రీకాళహస్తికి, మచిలీపట్నానికి విడివిడిగా ఉన్నాయి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఇలాంటి షాపులో ఇప్పటికే కొన్నవాళ్లు ట్యాగు చింపి పారేయకండి, బిల్లులో లేని మాట దాని మీదే ఉంది.